దొరరాయి మీద మొహోర్

మొహోర్‌కి జీవితంలో అప్పజెప్పిన పని ఒక్కటే: ఒక రాయి మీద కూర్చోవడం. అదైనా రోజూ కాదు, ఏడాదికోసారీ కాదు. కొత్త దొర పట్టం కట్టుకోవడానికి వచ్చినప్పుడు, ఒక్క పూట. అంత సుళువైన పని మరొకడికి దొరికితే కాళ్ళు బార్లా చాపుకుని హాయిగా బతికేవాడు. దేవుడు మాత్రం ఏరికోరి కొరోష్కా దేశం మొత్తంలో కుదురుగా కూర్చోవడం చేతకాని మనిషికే ఆ పని అంటగట్టాడు.

దాదాపు ఆరువందల ఏళ్ళ నాటి సంగతి. ఆల్ప్స్ కొండల దక్షిణపు అంచున, గోస్పా స్వేతా గుడి గంట వినబడేంత దూరంలో, బయలు మధ్య ఉండేదా రాయి. రోమనుల కాలపు స్తంభం మొదలు. ఎవరో ఎప్పుడో తలకిందులుగా పాతేశారు. మోకాటి ఎత్తు ఉంటుంది. దొరరాయి అనేవారు మావాళ్ళు. ఎంత గొప్ప వంశంవాడైనా సరే, ఈ నేలకి దొర కావాలంటే ముందు ఆ రాయి దగ్గరికి రావాలి. పట్టుబట్టలు విప్పి రైతు తొడిగే బూడిదరంగు కోటు తొడుక్కోవాలి. ఒక చేత్తో మచ్చల కోడెనీ, ఇంకో చేత్తో మచ్చల గుర్రాన్నీ పట్టుకుని నడిచి రావాలి. అప్పటికే రాయి మీద ఒక రైతు కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉంటాడు. ఆ రైతు మొహోర్ ఇంటివాడే అయి ఉండాలి. తాతల నాటినుంచీ అంతే.

కూర్చున్నవాడు దొరల జర్మన్‌లో కాదు, మా కొరోష్కా రైతుల భాషలో అడుగుతాడు: ఎవరా వస్తున్నది? న్యాయం చెప్పేవాడేనా? నేల బాగు కోరేవాడేనా? నన్ను ఇక్కణ్ణించి ఏ హక్కుతో లేపుతాడు? చుట్టూ ఉన్న జనం జవాబు చెబుతారు. జవాబులు సరిపడితే రైతు లేచి, దొర చెంప మీద మెల్లిగా ఒకటి తట్టి, చోటిస్తాడు. టోపీలో నీళ్ళు తెచ్చి తాగిస్తాడు. దొర ఆ రాయి మీద కూర్చుని తన మొదటి తీర్పు చెబుతాడు. లేచి చోటిచ్చినందుకు కోడె, గుర్రం, దొర ఒంటిమీది కోటు, అరవై కాసులు రైతువి. ఆ ఇంటికి పన్ను లేదు. ఇంతా చేసి ఒక షరతు ఉంది. ఒకసారి కూర్చున్నాక, జవాబు రాకుండా లేవకూడదు. లేచాడా, అడిగే హక్కు ఆ ఇంటికి శాశ్వతంగా పోతుంది. ఆ హక్కున్న ఇల్లు ఇంకోటి లేదు.

మొహోర్‌కి ఎనిమిదేళ్ళప్పుడు వాళ్ళ నాన్న లెనార్త్ రాయి మీద కూర్చున్నాడు. కదల్లేదు, దగ్గలేదు. ముక్కు మీద ఈగ వాలినా తోలలేదని ఊరంతా ఏళ్ళ తరబడి చెప్పుకున్నారు. ఆ పూట మొహోర్ మాత్రం జనం కాళ్ళ సందుల్లోంచి మూడుసార్లు అటూ ఇటూ పరుగెత్తి, మూడోసారి దొర పట్టుకొచ్చిన కోడె కాళ్ళకింద పడబోయాడు.

మర్నాటినుంచే లెనార్త్ కొడుక్కి తర్ఫీదు మొదలుపెట్టాడు. పెరట్లో కట్టెలు కొట్టే మొద్దు మీద కూర్చోబెట్టి, "ఒరేయ్, నేను లెమ్మనేదాకా లేవకు," అని పొలానికి పోయేవాడు. తిరిగొచ్చేసరికి మొద్దు ఖాళీ. కుక్క మొరిగిందని ఒకసారి, బండి చప్పుడైందని ఒకసారి, ఏ చప్పుడూ లేదేమిటని ఒకసారి లేచేవాడు మొహోర్.

"నీ పిర్రల కింద నిప్పులు పోశార్రా ఎవరైనా?" అని కేకలేసేవాడు తండ్రి. "ఈ ఇంటి పరువు నీతోనే మంటగలుస్తుంది."

లెనార్త్ పోయేముందు కూడా అదే దిగులు. కొడుకు చెయ్యి పట్టుకుని, "నువ్వు కూర్చోలేవురా," అన్నాడు, తిట్టినట్టు కాదు, జాలిపడినట్టు. మొహోర్‌కి ఆ మాట ముల్లులా దిగబడిపోయింది. కూర్చుని చూపిస్తాను నాన్నా, అందామనుకుని నోరు తెరిచేసరికి వినేవాడు లేడు.

ఇక అక్కణ్ణించీ ఎదురుచూపే. నాన్న కూర్చోబెట్టిన దొర చచ్చిపోయాడు. ఆయన కొడుకు చిన్నపిల్లాడు, పెద్దయ్యాక వస్తాడన్నారు. పెద్దయ్యాడు, రాలేదు. దొరలకి మచ్చల కోడెలు ఎక్కడ దొరుకుతాయి పాపం, అందుకని వాటిని మొహోర్ ఇంట్లోనే సిద్ధంగా ఉంచడం ఆనవాయితీ. గుర్రానికి ఫరవాలేదు, బండి లాగొచ్చు. దొర చెయ్యివేసే కోడె మెడమీద మాత్రం కాడి పడకూడదు. ఒకటి ముసలిదయితే ఇంకోటి. ఇప్పుడున్నది అయిదోది. నాలుగేళ్ళ వయసు, గోడంత ఒళ్ళు, పని సున్నా. మేత మాత్రం మూడింటిది.

ఆ కోడె దగ్గరే మొహోర్ పెళ్ళాం పొలొనాకి ఒళ్ళు మండేది. పెళ్ళయి పద్ధెనిమిదేళ్ళు. పెళ్ళిరోజునే తెలిసిపోయింది ఆవిడకి, విందులో పెళ్ళికొడుకు పదకొండుసార్లు లేచి గుమ్మం దాకా వెళ్ళి రోడ్డు చూసొచ్చాడు. దొర కోసం బూడిదరంగు కోటు నేయడం కోడలి పని. నేసింది. చిమటలు కొట్టేశాయి. మళ్ళీ నేసింది. మళ్ళీ కొట్టేశాయి. మూడోది పెట్టెలో ఉంది. దున్నడానికి ఉన్న ఒక్క ఎద్దు సరిపోక, పొరుగింటి ప్రీమోజ్ దగ్గర ఇంకోటి అడుక్కుని, నాగలి వెనక ఆవిడే నడిచేది. మొగుడు ఒక చాలు దున్ని, గిట్టల చప్పుడైనట్టుందని గట్టెక్కి నిలబడేవాడు.

"ఆ రోడ్డుని కట్టుకోవలసింది నువ్వు, నన్నెందుకు కట్టుకున్నావయ్యా?" అనేది పొలొనా.

"ఒక్కసారి వచ్చిపోనీవే. ఒక్కసారి కూర్చుని లేస్తే ఇక నేను రోడ్డు వంక చూస్తే అడుగు."

"ఆ దొరకి నువ్వున్నట్టే తెలుసో లేదో."

ఆ మాటకి మొహోర్ మూడురోజులు మాట్లాడలేదు. మూడురోజులు కూడా నిలబడే భోంచేశాడు.

తీరా ఎదురుచూపు మొదలైన ఇరవైతొమ్మిదో ఏట, ఈస్టర్ వెళ్ళిన రెండో వారంలో, గుడి పూజారి కబురంపాడు. కొత్త దొర పట్నంలో దిగాడట. గురువారం పొద్దున బయలుకి వస్తాడట. ఇంకేముంది, మొహోర్ కాలు గాలిన పిల్లిలా అయిపోయాడు. కోడెని మూడుసార్లు కడిగాడు. ప్రశ్నలు వల్లెవేస్తూ పెరట్లో గుంట పడేలా తిరిగాడు. పొలొనా వరిగల జావ ముందు పెడితే చెంచాతో కలిపి కలిపి అలాగే వదిలేశాడు.

"తినవయ్యా, రాయి మీద కళ్ళు తిరిగి పడతావు."

"గొంతు దిగడం లేదే. లేచిపోతానేమో పొలొనా. మధ్యలో కాళ్ళు వాటంతటవే లేచిపోతే?"

పొలొనా మొదటిసారి ఎగతాళి చెయ్యలేదు. "లేవవులే," అంది.

గురువారం పొద్దున్నే బయలు నిండిపోయింది. బళ్ళు, పిల్లలు, ఎండు బేరిపళ్ళు అమ్మేవాళ్ళు. జనం తరఫున జవాబు చెప్పే పెద్ద ఈసారి ప్రీమోజే. లావుపాటి మనిషి, నోరు ఊరుకోదు.

"మొహోర్ బావా! చెంప దెబ్బ గట్టిగా ఎయ్యకు. కిందటేడు నువ్వు నా గాడిదని తట్టావ్, ఇప్పటికీ అది నీ గుమ్మం ముందు నడవదు."

మొహోర్‌కి నవ్వు రాలేదు. రాయి చుట్టూ తిరుగుతున్నాడు. పద్ధతి ఏమిటంటే, దొర కోటు మార్చుకున్నాక గుడి గంట కొడతారు. గంట విన్నాకే కూర్చోవాలి. ఆ సంగతి మొహోర్‌ని నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. కానీ రోడ్డు మీద దుమ్ము లేచింది. గిట్టల చప్పుడు. ఇరవైతొమ్మిదేళ్ళుగా చెవులు రిక్కించి విన్న చప్పుడు అది. ఇంకాగడం ఆ మనిషి వల్ల ఎక్కడవుతుంది? చటుక్కున రాయి మీద కూర్చుని కాలు మీద కాలేసుకున్నాడు.

"బావా! ఇంకా గంట కొట్టలేదు!" అని ప్రీమోజ్ అరిచేసరికే ఆలస్యమైపోయింది. కూర్చోనే కూర్చున్నాడు.

వచ్చింది దొర కాదు. దొరగారి గుమాస్తా, వెంట ఇద్దరు భటులు. గుమాస్తా గుర్రం దిగకుండానే కాగితం తీసి, మా భాషని వంకరటింకరగా విరుస్తూ చదివాడు. ప్రభువు ఇప్పుడు ఇంకా పెద్ద సింహాసనానికి రాజుగా ఎన్నికయ్యాడట. అంతటివాడు రైతు కోటు తొడుక్కుని పశువుల్ని తోలుకుంటూ రావడం మర్యాద కాదట. ఈ ఒక్కసారికీ ఆచారం పక్కన పెట్టారట. దీనివల్ల ఎవరి హక్కుకీ భంగం లేదు, ఈ ఇంటికి పన్ను కూడా ఎప్పటిలాగే లేదు, ఇదిగో ముద్ర అట.

జనం గుసగుసలు పోయారు. మొహోర్ మొహం పాలిపోయింది. గంట కోసం ఆగి ఉంటే అందరితోపాటు నిలబడి కాగితం విని, అందరితోపాటు ఇంటికి పోయేవాడు. కూర్చోకపోతే షరతే లేదు. ఇప్పుడు కూర్చున్నాడు. ఇక జవాబు రావాలి.

గొంతు సవరించుకుని అడిగాడు: "ఎవరా వస్తున్నది?"

గుమాస్తా కాగితం మడుస్తూ విసుక్కున్నాడు. "చెవుడా? చెప్పాను గదా. ఎవరూ రావడం లేదు."

ప్రీమోజ్ నోరు కూడా పడిపోయింది ఆ మాటకి. మొహోర్ మళ్ళీ అడిగాడు. గుమాస్తా సంచిలోంచి అరవై కాసులు తీసి రాయి అంచున పెట్టించాడు. "ఇవి తీసుకో. లే."

"కాసులు జవాబు కావండీ అయ్యగారూ. ఎవరొస్తున్నారో చెప్పాలి. న్యాయం చెప్పేవాడో కాదో చెప్పాలి."

"నీ ఇంటికొచ్చిన లోటేమిటి? పన్ను లేదు. కాసులిచ్చాం. నిన్నెవరు ఏమన్నారు?"

"నన్నేమీ అనలేదండీ. నేను అడగాలి. అడగకుండా ఎవరినీ దొర అనలేదు ఈ నేల మీద. ఇప్పుడు లేచానంటే ఇక అడిగేవాడు ఉండడు."

ఒక భటుడు ముందుకి రాబోతే గుమాస్తా చెయ్యి అడ్డం పెట్టాడు. ఆయనకి నవ్వొచ్చింది. "లాగకండి. కూర్చోనివ్వండి. కాళ్ళు పీకితే తనే లేస్తాడు." అని కాసులు వదిలేసి, గుర్రం తిప్పుకుని పట్నం వైపు వెళ్ళిపోయాడు. లాగి పారేసినా మొహోర్‌కి అంత అవమానం అనిపించేది కాదు.

మధ్యాహ్నానికి సగం జనం వెళ్ళిపోయారు. బేరిపళ్ళవాడు బండి కట్టాడు. ఒక జల్లు పడి ఆగింది. మొహోర్ కూర్చునే ఉన్నాడు. కింది కాలు మొద్దుబారింది, పై కాలు గుంజుతోంది. ఒంట్లో ప్రతి నరమూ లే, లే అంటోంది. వేళ్ళు తొడ మీద దరువు వేస్తున్నాయి. అది చాలక పళ్ళు నూరుతున్నాడు. జీవితమంతా లేచినవాడు ఈ ఒక్కపూట లేవకుండా ఉండటానికి పడుతున్న అవస్థ చూడలేక ప్రీమోజ్ వచ్చి చెవిలో చెప్పాడు.

"బావా, మేమందరం అటు తిరుగుతాం. నువ్వు లేచి ఆ పొద చాటుకెళ్ళి రా. ఎవరు చూశారు?"

"నేను చూస్తాను గదరా."

ప్రీమోజ్ గొణుక్కుంటూ వెళ్ళి ఒక పాల బకెట్టు తెచ్చాడు. ఆడవాళ్ళు అటు తిరిగారు. ఆ సంగతి అక్కడితో వదిలేద్దాం.

పొలొనా రొట్టెముక్క, పుల్లటి పాలు తెచ్చి పక్కన నిలబడింది. మొహోర్ ఆవిడ మొహం చూడలేకపోయాడు.

"గంట కొట్టకుండానే కూర్చున్నానే," అన్నాడు.

"చూశాను."

"నాన్న అన్నట్టే అయింది. ఇంటి పరువు నాతోనే పోయింది. లేస్తే హక్కు పోతుంది. లేవకపోతే ఇక్కడే పోతాను. ఇరవైతొమ్మిదేళ్ళు ఆ రోడ్డే చూశానే పొలొనా. ఎవరూ రావడం లేదట." మొగాడు అందరి మధ్యా బావురుమన్నాడు. కళ్ళు తుడుచుకుంటూ కూడా కాలు మీది కాలు తియ్యలేదు.

పద్ధెనిమిదేళ్ళుగా ఈ మనిషి కుదురుగా కూర్చోవడం చూడాలని తిట్టని తిట్టు లేదు పొలొనా. ఇప్పుడు చూస్తోంది. రొట్టె రాయి మీద పెట్టి, ఇంటి దారి పట్టింది.

"ఆవిడకీ విసుగొచ్చింది," అన్నారెవరో.

పొద్దు కొండమీదికి వాలింది. మిగిలిన జనం ఓ పాతికమంది. చలిగాలి మొదలైంది. అప్పుడు ఊరివైపు దారిలో కోడె రంకె వినిపించి అందరూ అటు చూశారు. పొలొనా వస్తోంది. ఒక చేతిలో మచ్చల కోడె పగ్గం, ఇంకో చేతిలో మచ్చల గుర్రం కళ్ళెం. ఒంటిమీద బూడిదరంగు కోటు, తను నేసిన మూడోది. ఏ దొర కొలతలూ తెలియక నేసింది, భుజాలు మోచేతుల దాకా జారుతున్నాయి. కోడె అటూ ఇటూ లాగుతోంది, ఆవిడ దాన్ని నోరారా తిడుతోంది. రాయికి పది అడుగుల దూరంలో ఆగింది.

మొహోర్ పెదవులు తడుపుకున్నాడు.

"ఎవరా వస్తున్నది?"

జవాబు చెప్పవలసింది ప్రీమోజ్. పాపం, ఆయన రోడ్డు వంక చూశాడు, భటులు లేరని చూసుకున్నాడు, అయినా గొంతు పెగల్లేదు. దొర అంటే తల పోతుంది. ఎవరూ కాదందామా అంటే రాయి ముందు నిలబడ్డాడు, అక్కడ అబద్ధం ఆడకూడదు.

"ఏం ప్రీమోజూ, గాడిదల సంగతయితే గలగలా మాట్లాడతావే!" అంది పొలొనా.

"ఈ నేల దున్నే మనిషి వస్తోంది," అన్నాడు ప్రీమోజ్ ఎట్టకేలకు.

"న్యాయం చెప్పేదేనా?"

"నా కోడిపెట్ట నెలరోజులు వాళ్ళ గడ్డివాములో గుడ్లు పెడితే, ప్రతి గుడ్డూ తెచ్చిచ్చింది. తిడుతూ ఇచ్చింది. ఔను. న్యాయం చెప్పేదే."

"నేల బాగు కోరేదేనా?"

ఈసారి ప్రీమోజ్ ఒక్కడే కాదు, వెనకనుంచి ఆడవాళ్ళు కూడా అన్నారు, "ఔను" అని.

మొహోర్ ఆఖరిది అడిగాడు. "నన్ను ఇక్కణ్ణించి ఏ హక్కుతో లేపుతుంది?"

దీనికి జనం నోరు తెరిచేలోపే పొలొనా అందుకుంది. "కోడెని తెచ్చాను. గుర్రాన్ని తెచ్చాను. కోటు ఒంటిమీదుంది. కాసులు ఆ మహానుభావుడు పడేసిపోయాడు. ఇల్లు ఎటూ నాదే. ఇంకా హక్కు కావాలా? నువ్వు రోడ్డు చూస్తూ నిలబడితే, నీ వెనక ఇల్లూ పొలం నేను చూశాను. ఒక్కరోజైనా ఇటు తిరుగుతావని చూశాను. ఆ హక్కుతో లేపుతున్నాను. లే మొహోర్."

మొహోర్ చెయ్యెత్తాడు. పద్ధెనిమిదేళ్ళలో పెళ్ళాం మీద ఎత్తని చెయ్యి. వేళ్ళ చివర్లతో ఆవిడ చెంప తాకాడు.

"ఇదే మొదలు, ఇదే ఆఖరు. గుర్తుంచుకో," అంది పొలొనా మెల్లిగా.

లేవబోయాడు. కాళ్ళు లేవలేదు. పొలొనా పగ్గాలు ప్రీమోజ్ చేతిలో పెట్టి, మొగుడి చంకల కింద చేతులు వేసి, ఎత్తి నేలమీద దింపింది. తను రాయి మీద కూర్చుంది. మొహోర్ కుంటుకుంటూ వాగుకి వెళ్ళి టోపీలో నీళ్ళు తెచ్చాడు. సగం దారిలోనే కారిపోయాయి, మిగిలిన గుక్కెడూ ఆవిడ తాగింది.

"కూర్చున్నవాళ్ళు ఒక తీర్పు చెప్పాలి," అని ప్రీమోజ్ గుర్తుచేశాడు. భయం పోయి నోరు మళ్ళీ వచ్చింది ఆయనకి.

పొలొనా ఆలోచించలేదు. "ఆ కోడె రేపటినించి దున్నుతుంది," అంది.

ఎవరూ నవ్వలేదు. అంతా మొహోర్ వంక చూశారు. కోడె మెడమీద కాడి పడితే ఇక దొర కోసం చూసేదేమీ లేనట్టే. మొహోర్ కోడె దగ్గరికి వెళ్ళాడు. ఒక్క వెంట్రుక కూడా నలగని ఆ మెడని అరచేత్తో నిమిరాడు. వెనక్కి వచ్చి రాయి పక్కన గడ్డిలో కూర్చున్నాడు.

అప్పుడే పెద్దరోడ్డు మీద బూరలు వినిపించాయి. జెండాలు, గుర్రాలు, ఉక్కుకవచాలు. పట్నంలో భోజనం ముగించుకుని దొరగారు దక్షిణానికి వెళ్ళిపోతున్నారు. "దొర! దొర!" అంటూ పాతికమందీ రోడ్డు వైపు పరుగెత్తారు. ప్రీమోజ్ కూడా పగ్గాలు వదిలేసి పరుగెత్తాడు. రాయి దగ్గర ఇద్దరే మిగిలారు.

పొలొనా మొగుడి వంక చూసింది. గిట్టల చప్పుడు దగ్గరై, దూరమై, పూర్తిగా పోయేదాకా చూసింది. మొహోర్ తల తిప్పలేదు. రొట్టె విరిచి సగం ఆవిడకిచ్చి, సగం తను నోట్లో పెట్టుకున్నాడు.

"రేపు ఏ మడి ముందు దున్నుదామంటావు?" అన్నాడు.